కదిలే బొమ్మల మండపానికి ఏ సర్వో కంట్రోలర్ కట్టుకోవాలి?

వినాయక చవితి ఇంకా మూడు వారాలుందనగా నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, ఈసారి మా గల్లీలో కృష్ణుడు గోవర్ధనగిరి ఎత్తే సెట్టింగు పెడుతున్నం. చెయ్యి పైకి లేవాలె, ఆవులు తలలు ఊపాలె. ఏ బోర్డు కొనాలె?" నేను బోర్డు పేరు చెప్పను, ఎదురు ప్రశ్న వేస్తాను. "రాత్రి తొమ్మిదింటికి కరెంటు పోయి పది నిమిషాలకు వచ్చిందనుకో, అప్పుడు మండపం దగ్గర ఎవరుంటారు?"

అటునుంచి కాసేపు మాట రాదు. ఎందుకంటే ఆ టైంలో ఉండేది ప్రసాదం పంచే అమ్మలు, కుర్చీలు సర్దే పిల్లలు. కోడ్ రాసినవాడు ఇంట్లో అన్నం తింటుంటాడు, లేదా హైదరాబాద్‌లో డ్యూటీలో ఉంటాడు. నల్లగొండ అయినా, పాలమూరు అయినా ఇదే కథ. కాబట్టి సర్వోలను, అంటే చెప్పిన కోణానికి తిరిగి అక్కడ నిలిచే చిన్న మోటర్లను, నడిపే బోర్డు (కంట్రోలర్) ఎంచుకోవడానికి నా మొదటి కొలత ఇది: కరెంటు పోయి వచ్చాక ఎవరూ ముట్టుకోకుండా తనంతట తాను మొదలయ్యే కంట్రోలరే మన కంట్రోలర్. ఎన్ని ఛానళ్లున్నాయి (ఎన్ని సర్వోలు తగిలించవచ్చు), వైఫై ఉందా లేదా అన్నవి ఆ తర్వాతి మాటలు.

అమెరికాలో హాలోవీన్‌కు అస్థిపంజరాలను, క్రిస్మస్‌కు శాంటా తాతలను ఇంటి ముందు కదిలించే హాబీ మనుషులు చాలామంది ఉన్నారు. మనం వాడే బోర్డుల్లో, సాఫ్ట్‌వేర్లలో కొన్ని వాళ్ల అవసరాల కోసం ఎదిగినవే. అయితే వాళ్లు తమ ఇంటి ముందు పెట్టుకుంటారు, ఓనరు పక్కనే ఉంటాడు. మనది గల్లీ మండపం, భాద్రపదం వానలు, తొమ్మిది రాత్రులు. అందుకే అక్కడి సలహాను ఉన్నదున్నట్టు తెచ్చుకుంటే పని కాదు.

అసలు సర్వో కావాలా?

సగం ఫోన్లు ఇక్కడే తేలిపోతాయి. ఆవు తల ఊపడం, నాగుపాము పడగ ఆడడం, ఏనుగు తొండం ఊగడం, చక్రం తిరగడం లాంటివన్నీ ఒకే కదలిక మళ్లీ మళ్లీ చేసేవి. వీటికి సర్వో పెట్టడం డబ్బు దండగ. పాత కారు వైపర్ మోటరు చాలు. 12 వోల్టులతో నడుస్తుంది, లోపల వర్మ్ గేరు ఉంటుంది కాబట్టి బలం ఎక్కువ, బరువు వేలాడినా వెనక్కి తిరగదు. మోటరు షాఫ్టుకు ఒక పట్టీ వెల్డింగ్ చేయించి, మధ్య నుంచి 3 సెంటీమీటర్ల దూరంలో రాడ్డు బిగిస్తే ఆ రాడ్డు 6 సెంటీమీటర్లు వెనక్కీ ముందుకీ ఆడుతుంది. పాత సామాన్ల షాపులో మోటరు దొరుకుతుంది, మిగతాది వెల్డింగ్ షాపులో అరగంట పని. కరెంటు పోతే ఆగుతుంది, వస్తే తిరుగుతుంది. కోడ్ లేదు, టెన్షన్ లేదు.

మైక్రోవేవ్ ఓవెన్‌లో ప్లేటు తిప్పే చిన్న సింక్రోనస్ మోటరును కూడా కొందరు వాడతారు. నిమిషానికి ఐదారు చుట్లు తిరుగుతుంది, చిన్న బొమ్మకు బాగుంటుంది. దానితో రెండు ఇబ్బందులు. ఆన్ చేసిన ప్రతిసారీ ఏ వైపు తిరుగుతుందో దాని ఇష్టం. రెండోది, మనకు దొరికేవి ఎక్కువగా నేరుగా 230 వోల్టులతో నడిచేవి. వానకు తడిసిన ప్లైవుడ్ మీద, పిల్లలు చేతులు పెట్టే చోట, నేనైతే పెట్టను.

కదలిక ఒక చోట ఆగాలి, కాసేపు నిలవాలి, మాటకో పాటకో తగ్గట్టు మారాలి అంటే అప్పుడు సర్వో. హనుమంతుడు ఛాతీ తెరవడం, రెండు క్షణాలు ఆగడం, మూయడం. వినాయకుడు కుడిచెయ్యి ఎత్తి ఆశీర్వదించడం. క్రిస్మస్ పశువుల పాకలో దేవదూత రెక్కలు మెల్లగా విప్పడం. ఇలాంటివి.

సర్వో లోపల చిన్న డీసీ మోటరు, గేర్లు, తానెక్కడుందో చెప్పే ఒక పొటెన్షియోమీటర్, చిన్న సర్క్యూట్ ఉంటాయి. కంట్రోలర్ దానికి సుమారు 20 మిల్లీసెకన్లకోసారి, అంటే సెకనుకు 50 సార్లు, ఒక పల్సు, అంటే క్షణకాలపు విద్యుత్ సంకేతం, పంపుతుంది. పల్సు 1.5 మిల్లీసెకన్లుంటే మధ్యలో ఉంటుంది, 1 వైపు తగ్గిస్తే ఒక పక్కకు, 2 వైపు పెంచితే ఇంకో పక్కకు తిరుగుతుంది. ఆ పల్సులు పంపడమే కంట్రోలర్ పని. ఆ పని చేసే దారులు చాలా ఉన్నాయి కాబట్టే ఈ గందరగోళం.

ముందు సర్వో, తర్వాత బోర్డు

అందరూ ఎస్‌జీ90 అనే చిన్న సర్వో కొంటారు, ఎందుకంటే చవక. 9 గ్రాముల బరువు, 4.8 వోల్టుల దగ్గర సుమారు 1.8 కేజీ-సెంటీమీటరు బలం, ప్లాస్టిక్ గేర్లు. ఇప్పుడు ఒక లెక్క చూద్దాం. థర్మోకోల్, పేపర్ మాష్ కలిపి చేసిన 30 సెంటీమీటర్ల చెయ్యి 150 గ్రాములుందనుకోండి. దాని బరువు మధ్యలో, అంటే భుజానికి 15 సెంటీమీటర్ల దూరంలో పనిచేస్తుంది. 0.15 కేజీని 15తో గుణిస్తే 2.25. చెయ్యి అడ్డంగా చాపినప్పుడు పట్టి ఉంచడానికే అంత బలం కావాలి. ఎస్‌జీ90 అక్కడే చతికిలబడుతుంది.

ఎంజీ996ఆర్ అదే 4.8 వోల్టుల దగ్గర 9.4 కేజీ-సెంటీమీటర్లిస్తుంది, మెటల్ గేర్లు, బరువు 55 గ్రాములు. కాగితం మీద రాసిన బలంలో సగమే నమ్ముకోవాలన్నది నా అలవాటు. ఆ లెక్కనైనా మన చెయ్యి హాయిగా లేస్తుంది. ఇంకా మంచి పని ఏమిటంటే, భుజం వెనక్కి ఒక పట్టీ పొడిగించి దానికి నాలుగు నట్లు కట్టడం. చెయ్యి బరువు తక్కెడలాగా సమమైపోతుంది, సర్వో ఊపిరి పీల్చుకుంటుంది.

ప్లాస్టిక్ గేర్ల సంగతి ఎందుకు పదేపదే చెబుతున్నానంటే, రోజుకు ఐదు గంటలు మండపం నడిచి నాలుగు సెకన్లకోసారి చెయ్యి ఆడితే ఒక రాత్రికి 4,500 ఊపులు. తొమ్మిది రాత్రులకు 40,500. ఇంట్లో బల్ల మీద పది నిమిషాలు ఆడించి "పనిచేస్తోంది" అనుకుంటే ఐదో రోజు పళ్లూడిపోతాయి. కళ్లు, రెప్పలు, చిన్న పిట్టలు ఎస్‌జీ90కు ఇవ్వండి, అది కూడా రెండు స్పేర్ ముక్కలు జేబులో పెట్టుకుని. చెయ్యి, తల, తలుపు అంటే ఎంజీ996ఆర్.

కోడ్ లేని దారి: సర్వో టెస్టర్

అగ్గిపెట్టెంత ఉంటుంది, దాని మీద తిప్పే నాబు ఉంటుంది. ఆటో మోడ్‌లో పెడితే సర్వో అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. ఒకే చెయ్యి, ఒకే ఊపు చాలనుకునేవాళ్లు దీంతో సరిపెట్టుకోవచ్చు. కానీ చాలా వాటిలో కరెంటు పోయి వచ్చాక మోడ్ మొదటికి వస్తుంది, ఎవరో ఒకరు బటన్ నొక్కాలి. నా మొదటి కొలతలోనే ఓడిపోయింది. అయినా ఒకటి కొనుక్కోండి. లింకులు, కోణాలు సరిచూసుకోవడానికి ల్యాప్‌టాప్ తెరవక్కర్లేదు.

ఆర్డుయినో ఒక్కటే

ఆర్డుయినో అంటే మనం రాసిన కోడ్‌ను నడిపే చిన్న బోర్డు. అందులో యునో గానీ నానో గానీ తీసుకుని సర్వోలను నేరుగా తగిలించడం. యునోలో సర్వో లైబ్రరీ (రెడీమేడ్ కోడ్) 12 సర్వోల దాకా నడుపుతుంది. దాన్ని వాడితే 9, 10 పిన్నుల మీద మామూలు పీడబ్ల్యూఎం పనిచేయదు. అక్కడ ఎల్‌ఈడీ వెలుగు తగ్గించి పెంచాలనుకుంటే కుదరదని గుర్తుంచుకోండి. కరెంటు వచ్చిన ఒకట్రెండు సెకన్లలో మొదలైపోతుంది. మెమరీ కార్డు లేదు, పాడయ్యే ఫైలు లేదు. ఈ ఒక్క గుణానికి నేను దీనికి ఎప్పుడూ మంచి మార్కులే వేస్తాను.

రెండు చోట్ల దెబ్బతింటారు. ఒకటి, ఉదాహరణ కోడ్‌లో ఉండే డిలే, అంటే ఇంతసేపు ఆగమనే ఆదేశం. ఒక చెయ్యి కదిలేదాకా రెండోది నిలబడి చూస్తుంటుంది. మిల్లీస్ పద్ధతిలో, అంటే ఆగకుండా గడియారం చూసుకుంటూ నడిచేలా రాస్తే నాలుగు చేతులూ ఎవరి పని వాళ్లు చేసుకుంటాయి. రెండోది పాట. డీఎఫ్‌ప్లేయర్ మినీ మాడ్యూల్‌లో మెమరీ కార్డు పెట్టి శ్లోకమో పాటో వినిపించాలని అందరికీ ఉంటుంది. యునోకు ఉన్న ఒక్క సీరియల్ పోర్టును (డేటా పంపే దారిని) యూఎస్‌బీ వాడుకుంటుంది గనుక, కోడ్‌తోనే పోర్టులా పనిచేసే సాఫ్ట్‌వేర్ సీరియల్‌తో మాట్లాడిస్తారు. అది డేటా పంపే క్షణాల్లో ఇంటరప్టులను, అంటే బోర్డు మధ్యలో వేరే పని అందుకునే వీలును, ఆపేస్తుంది, పల్సు అటూ ఇటూ అవుతుంది, దేవుడి చెయ్యి చలిజ్వరం వచ్చినట్టు వణుకుతుంది. మా గల్లీలో అది చూసి ఒక పెద్దావిడ దండం కూడా పెట్టింది గానీ, నాకు మాత్రం సిగ్గేసింది.

నాలుగైదు సర్వోలు, పాట లేదు అంటే ఆర్డుయినో ఒక్కటే చాలు. అంతకు మించి వద్దు.

నానో పక్కన పీసీఏ9685

ఎక్కువమందికి నేను చెప్పేది ఇదే. పీసీఏ9685 అనే చిప్పున్న 16 ఛానళ్ల బోర్డు. నానో నుంచి రెండే రెండు సిగ్నల్ వైర్లు వస్తాయి, దాన్ని ఐ2సీ అంటారు. పల్సులు తయారుచేసేది ఆ చిప్పే కాబట్టి నానో పాటతో కుస్తీ పడుతున్నా సర్వో వణకదు. అడ్రస్ మార్చుకుంటూ ఒకే లైను మీద 62 బోర్డులు పెట్టవచ్చు, అంటే 992 సర్వోలు. మన గల్లీ చందాకు ఆ దాకా వెళ్లే ప్రమాదం లేదు.

దీని లోటు కూడా చెప్పాలి. 20 మిల్లీసెకన్లను 4,096 భాగాలు చేస్తుంది గనుక ఒక్కో మెట్టు సుమారు 4.9 మైక్రోసెకన్లు. కోణంలో చెప్పాలంటే దాదాపు అర డిగ్రీ. చేతికి, తలకు ఇది కనిపించదు. కళ్లను చాలా మెల్లగా తిప్పితే మాత్రం మెట్లు మెట్లుగా జరిగినట్టు దగ్గరనుంచి తెలుస్తుంది. లోపలి గడియారం బోర్డుకూ బోర్డుకూ కొంచెం తేడాగా ఉంటుంది. కాలిన బోర్డు తీసి కొత్తది పెడితే కోణాలు మళ్లీ సరిచూసుకోవాలి. ఇంకొకటి, ఐ2సీ దూరాలకు పుట్టింది కాదు. నానోను, ఈ బోర్డును ఒకే డబ్బాలో పక్కపక్కనే పెట్టి, సర్వో వైర్లను పొడిగించుకోండి.

కరెంటు వచ్చినప్పుడు ఈ చిప్పు మనం చెప్పేదాకా పల్సులు పంపదు. ఇది మంచిదే. ఎందుకంటే మామూలు సర్వోకు మొదటి పల్సు అందగానే ఆ కోణానికి ఫుల్ స్పీడులో దూకుతుంది. హనుమంతుడి చేతులు తెరిచి ఉండగా కరెంటు పోయిందనుకోండి, వచ్చాక తలుపులు ధడాలున మూసుకుని థర్మోకోల్ పగులుతుంది. దానికి మందు: కరెంటు లేనప్పుడు బరువుకు చెయ్యి తనంతట తాను ఎక్కడికి జారుతుందో చూసి, మొదటి పల్సు ఆ కోణానికే ఇవ్వాలి. అక్కణ్నుంచి మెల్లగా మొదలుపెట్టాలి. సర్వోఈజింగ్ అనే లైబ్రరీ ఉంది, మొదట్లో నెమ్మది, మధ్యలో వేగం, చివర్లో మళ్లీ నెమ్మదిగా కదిలిస్తుంది, పీసీఏ9685తో కూడా పనిచేస్తుంది. దీంతో బొమ్మ మరబొమ్మలా ఝటక్కున తిరగదు, మనిషిలా కదులుతుంది. చూసేవాళ్లు పది నిమిషాలు నిలబడేది ఆ నెమ్మది కోసమే.

ఈఎస్‌పీ32

ఫోన్‌లో బటన్ నొక్కితే వినాయకుడు చెయ్యెత్తాలి అని పోరగాళ్లు అడుగుతారు. దానికి ఈఎస్‌పీ32 అనే వైఫై ఉన్న బోర్డు. తనే వైఫై హాట్‌స్పాట్ అవుతుంది, ఇంటర్నెట్ అక్కర్లేదు. హార్డ్‌వేర్ సీరియల్ పోర్టులు మూడున్నాయి గనుక డీఎఫ్‌ప్లేయర్ గొడవ ఉండదు. పాత ఈఎస్‌పీ32లో పల్సులిచ్చే ఛానళ్లు 16, చవకగా వస్తుందని ఈఎస్‌పీ32లోనే సీ3 రకం కొంటే 6 మాత్రమే. కొనేముందు పేరు పూర్తిగా చదవండి.

దీని పిన్నులన్నీ ఒకటి కాదు. 34 నుంచి 39 దాకా ఉన్నవి ఇన్‌పుట్‌కే పనికొస్తాయి, సర్వో నడపలేవు. బోర్డు మొదలయ్యే (బూట్) సమయంలో 12వ పిన్ను మీద ఏదైనా వోల్టేజి పెడితే బోర్డు లేవకపోవచ్చు. ఇంట్లో బాగానే నడిచి, మండపంలో కరెంటు వచ్చాక లేవని బోర్డుల వెనక చాలాసార్లు ఇలాంటి పిన్నే ఉంటుంది. సిగ్నల్ 3.3 వోల్టులే అయినా ఎక్కువ సర్వోలు ఒప్పుకుంటాయి. వోల్టేజి కాస్త పడితే మాత్రం రీసెట్ అయిపోతుంది. సర్వోల సప్లై నుంచే దీనికీ ఇస్తే, చెయ్యి లేచిన ప్రతిసారీ బోర్డు పడుకుంటుంది.

ఫోన్ ఆట నిజంగా కావాలంటేనే తీసుకోండి. పిల్లలు ఫోన్లో నొక్కుతూ పోతే రాత్రి పదికల్లా సర్వో వేడెక్కుతుంది, అదీ చూసుకోవాలి.

మేస్ట్రో

పోలోలు అనే కంపెనీ వాళ్ల మేస్ట్రో 6, 12, 18, 24 ఛానళ్లలో వస్తుంది. ఈ పనికే పుట్టిన బోర్డు. కంప్యూటర్‌కు యూఎస్‌బీతో తగిలించి, తెర మీద స్లైడర్లు జరుపుతూ భంగిమలు పెట్టుకుని, వాటిని వరసగా సేవ్ చేస్తే అది స్క్రిప్టుగా బోర్డులోకి వెళ్లిపోతుంది. తర్వాత కంప్యూటర్ అక్కర్లేదు. వేగం, త్వరణం ఒక్కో ఛానల్‌కు విడిగా పెట్టుకోవచ్చు, మొదలవగానే ఏ కోణానికి వెళ్లాలో కూడా చెప్పవచ్చు. మెట్టు 0.25 మైక్రోసెకన్లే, కళ్లు వెన్నలా తిరుగుతాయి. కోడ్ రాయడం రాని శిల్పికి, డెకరేషన్ చేసేవాళ్లకు ఇంతకంటే మంచిది నాకు కనబడలేదు.

ధర మాత్రం మన నానో, పీసీఏ9685 జంట కంటే ఎన్నో రెట్లు. అంతకంటే పెద్ద సమస్య, పండగ మధ్యలో కాలిపోతే హైదరాబాద్ కోఠిలో ఎలక్ట్రానిక్ సామాన్లు దొరికే గుజరాతీ గల్లీకి పొద్దున్నే బస్సెక్కినా దొరుకుతుందన్న నమ్మకం లేదు. నానో, పీసీఏ9685 అయితే వంద కిలోమీటర్లు పోయి సాయంత్రం పూజకల్లా తెచ్చేయొచ్చు. ఏటా అద్దెకు సెట్టింగులు పెట్టేవాళ్లు ఒకటి స్పేరుతో కలిపి కొనుక్కుంటే గిట్టుబాటవుతుంది.

రాస్ప్‌బెర్రీ పై, ఎక్స్‌లైట్స్

పాట, వందల లైట్లు, కదలికలు మూడూ ఒకే తాళంలో నడవాలంటే అమెరికా హాబీవాళ్లు నడిచే దారి ఇది. ల్యాప్‌టాప్‌లో ఎక్స్‌లైట్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పాట గీత మీద ఎక్కడ ఏం జరగాలో పెట్టుకుంటారు. రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతి కంప్యూటర్ మీద ఫాల్కన్ ప్లేయర్ అనే సాఫ్ట్‌వేర్ దాన్ని ఆడిస్తుంది, పీసీఏ9685 ద్వారా సర్వోలను తిప్పుతుంది. చర్చిలో క్రిస్మస్ పాకకు, నిలకడైన కరెంటు, కూర్చుని చూసుకునే మనిషి ఉంటే చాలా అందంగా వస్తుంది.

గల్లీ మండపానికి నేను వద్దంటాను. కంప్యూటర్‌ను ప్లగ్గు పీకి ఆపినట్టే, కరెంటు హఠాత్తుగా పోయినప్పుడల్లా మెమరీ కార్డు పాడయ్యే అవకాశం ఉంటుంది. రోజుకు మూడు కోతలనుకుంటే తొమ్మిది రోజుల్లో ఎన్ని గండాలో లెక్కేసుకోండి. పెట్టి తీరాలంటే చిన్న యూపీఎస్, ఇంకో కార్డులో మొత్తం కాపీ ఉంచుకోండి.

బోర్డు కంటే పెద్ద సంగతి, కరెంటు

నేను మొదటి ఏడాది చేసిన తప్పు ఇప్పటికీ అందరూ చేస్తూనే ఉన్నారు. నాలుగు సర్వోలనూ యునో 5 వోల్టుల పిన్నుకే కలిపాను. ఇంట్లో నడిచింది. మండపంలో రెండు చేతులు ఒకేసారి లేవగానే బోర్డు రీసెట్, మళ్లీ మొదలు, మళ్లీ రీసెట్. కోడ్‌లో తప్పుందని రాత్రి రెండింటిదాకా వెతికాను. తప్పు కోడ్‌లో లేదు, వైర్లో ఉంది.

ఒక ఎంజీ996ఆర్ 6 వోల్టుల దగ్గర బిగుసుకుంటే 2.5 ఆంపియర్లు లాగుతుంది. పది ఒకేసారి బిగుసుకుంటే 25. అన్నీ ఒకేసారి బిగుసుకోవు గానీ, నాలుగైదు ఒకేసారి లేచేలా మనమే రాస్తాం కదా. సర్వోలకు విడిగా ఒక ఎస్‌ఎంపీఎస్, అంటే ఇంటి కరెంటును తక్కువ వోల్టుల డీసీగా మార్చే పవర్ సప్లై, పెట్టండి. 5 వోల్టులు, 20 ఆంపియర్లది ఓ మాదిరి సెట్టింగుకు చాలు. కంట్రోలర్‌కు వేరే ఫోన్ చార్జరు. రెండింటి గ్రౌండ్ వైర్లు మాత్రం తప్పకుండా కలపాలి, లేకపోతే పల్సు సర్వోకు అర్థం కాదు. ప్రతి నాలుగు సర్వోలకూ ఒక ఫ్యూజు, వాటి దగ్గరే 1,000 మైక్రోఫారడ్ల కెపాసిటర్.

వైరు మందం దగ్గర పిసినారితనం వద్దు. ఎస్‌ఎంపీఎస్ నుంచి బొమ్మకు 3 మీటర్లుంటే పోనూ రానూ 6 మీటర్లు. 0.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరులో 2.5 ఆంపియర్లు పోతే అర వోల్టుకు పైగా దారిలోనే మాయమవుతుంది. 1.5 వైరు వేస్తే 0.2 లోపే ఉంటుంది. ఇంటి వైరింగ్‌లో లైట్లకు వేసే వైరు అది, మిగిలిపోయిన ముక్కలు ఏ ఎలక్ట్రీషియన్ దగ్గరైనా ఉంటాయి. సన్నని జంపర్ వైర్లతో పవర్ ఇవ్వడం గురించి నన్ను అడగొద్దు.

వాన పడుతుంది, పడి తీరుతుంది. ఎస్‌ఎంపీఎస్‌ను మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో, నేలకు నడుమెత్తున, వైర్లు కింది నుంచి లోపలికి వచ్చేలా బిగించండి. నీళ్లు వైరు వెంట జారి లోపలికి రావు. మండపం మొత్తానికి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకయితే లైను ఆపేసే స్విచ్చి) ఒకటి వేయించండి. సర్వోకు ఖర్చు తగ్గించి అయినా సరే.

ఇక బిగింపు. సర్వోను వేడి గమ్‌తో అంటించేవాళ్లే ఎక్కువ. అంటించడం రెండు నిమిషాలు, నిమజ్జనం రోజు పీకడం రెండు గంటలు. లారీ వచ్చి నిలబడి, డప్పులు మోగుతుంటే ఎవరూ ఆగరు, నాలుగు మోటర్లు విగ్రహంతోపాటే చెరువులోకి పోతాయి. ఎల్ పట్టీలు కొట్టించి స్క్రూలతో బిగించండి, కనెక్టర్ల మీద మార్కర్‌తో నంబర్లు రాయండి. మాకు చివరి హారతి అవగానే పది నిమిషాల్లో పదహారు సర్వోలూ ఊడివచ్చి పాత బిస్కెట్ డబ్బాలోకి చేరతాయి. దసరాకు మా బావమరిది వాళ్ల బొమ్మల కొలువులో మళ్లీ అవే ఆడతాయి.